లెక్కపెట్టకూడని పిల్లలు

మూడు నల్లకొండలు ముక్కూ ముక్కూ రాసుకునే చోట మాంత్రికుడు కాలజిహ్వుడి కోట ఉంది. దాని పేరు శంఖపాలం. తూర్పున కాటుక రంగు రాతిగోడ, పడమట అడుగు కనిపించని లోయ, నడుమ పాలరాతి మేడ. ఆ మేడ గోడల మీద చెక్కిన హంసలు బారులు తీరి ఎగురుతుంటాయి. గంధర్వకాంతలు వీణలు మీటుతుంటారు. ద్రాక్షతీగెలు పెనవేసుకుంటూ శిఖరం దాకా పాకుతుంటాయి. ఉదయపు ఎండ పడితే మేడంతా లేత తేనెరంగుకు తిరుగుతుంది. చూసినవాడికి నోట మాట రాదు. ఇంత అందమైన మేడకు ఒక్క కిటికీ కూడా లేదని గమనించాక ఇక రానే రాదు.

మేడకు ఎదురుగా వంటసాల గుమ్మంలో కూర్చుని గంజి కలుపుతున్న నడివయసు మనిషి నిజానికి వంటవాడు కాడు. పేరు మైలారయ్య, హేలాపురి రాజ్యంలో పేరుమోసిన రాతిపనివాడు. గడ్డం పెంచి, ఒంటికి మసి పూసుకుని, పాత వంటవాడు లోయలో పడి చచ్చిన మర్నాడు ఆ కొలువులో చేరాడు. వాడు లోయలో ఎలా పడ్డాడని మైలారయ్య అడగలేదు. ఆ కోటలో అలాంటివి అడిగినవాడు ఎక్కువకాలం గంజి కలపడు.

అతను వచ్చింది తన బిడ్డ కోసం. ఆ బిడ్డ ఆడపిల్లో మగపిల్లవాడో అతనికి తెలియదు. పేరు తెలియదు, మొహం గుర్తులేదు. వినడానికి పిచ్చిమాటలా ఉన్నా ఇది నిజం.

హేలాపురిలో పిల్లల్ని లెక్కపెట్టరు. "మీకెంతమంది?" అని అడిగితే "దేవుడిచ్చినంతమంది" అంటారు. లెక్కపెడితే దిష్టి తగులుతుందని తాతల నాటి నమ్మకం. అక్కడివాళ్ళు గొర్రెల్ని లెక్కపెడతారు, గుమ్మడికాయల్ని లెక్కపెడతారు, పిల్లల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుంటారు. కాలజిహ్వుడికి కావలసింది సరిగ్గా అదే. వాడి మనుషులు ఏ బిడ్డను ఎత్తుకుపోయినా, ఆ బిడ్డ జ్ఞాపకాన్ని కూడా వాడు మంత్రంతో లాగేసుకుంటాడు. కన్నతల్లికి తను కన్న సంగతే గుర్తుండదు. లెక్క ఉండి ఉంటే తరుగు తెలిసేది. లెక్కే లేని చోట ఎంత తరిగినా ఇల్లు నిండుగానే ఉన్నట్టుంటుంది.

ఒక పండగ పూట మైలారయ్య భార్య ఎల్లసాని కంచాలు తోమి బోర్లించింది. కంచాలు మూడు. ఇంట్లో ఉన్నది ఇద్దరు. మూడోది చిన్న కంచం, అంచున సొట్ట.

"ఇదెక్కడిదే?" అన్నాడు మైలారయ్య.

"నాకేం తెలుసు? మనదే. రోజూ తోముతున్నా" అంది ఎల్లసాని.

"రోజూ తోముతున్నావంటే ఎవరో రోజూ తిన్నారన్నమాటే కదా!"

ఆలుమగలిద్దరూ ఆ కంచాన్ని తిప్పి తిప్పి చూశారు. ఎల్లసాని ఎందుకో తెలియకుండానే ఏడవడం మొదలుపెట్టింది. మైలారయ్య ఉలిని నడుముకు కట్టుకుని ఆ పూటే బయల్దేరాడు. దారిలో ఎన్నో కష్టాలు పడి, అడవులు దాటి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడి జాడ పట్టుకున్నాడు. ఇప్పుడు అతను కోటలో ఉన్నాడు. ఎదురుగా రోళ్ళ దగ్గర ఎముకల గూళ్ళలాంటి పిల్లలు నల్లరాళ్ళు దంచుతున్నారు. వీళ్ళలో తన బిడ్డ ఎవరు? ఎవరైనా కావచ్చు. ఎవరూ కాకపోవచ్చు కూడా. అందుకే చేరిన పూటే ఒట్టు పెట్టుకున్నాడు, తీసుకుపోతే అందర్నీ తీసుకుపోవాలని.

గోడలకు చెవులుంటాయంటారు. శంఖపాలంలో చెవులకు కాళ్ళు కూడా ఉన్నాయి. అక్కడి భటులకు కళ్ళు లేవు, చెవులు మాత్రం చేటలంత. అంకె అన్నది ఎవరి నోట వినపడినా ఆ నోరు నొక్కిపట్టి, యజమాని బయటికి వచ్చేదాకా వదలకూడదని వాళ్ళకు ఆజ్ఞ. ఆపైన ఆ నోట్లో నాలుక ఉండదు. నాలుక లేని పిల్లలు ఇద్దరు అప్పటికే రోళ్ళ దగ్గర ఉన్నారు. 'ఒక్క నిమిషం' అన్నందుకు పోయింది ఒకడి నాలుక.

నోటితో కుదరకపోతే వేళ్ళున్నాయి. బొటనవేలిని తక్కిన నాలుగు వేళ్ళ కణుపుల మీద జరుపుకుంటూ పోతే చేతికి పన్నెండు. మైలారయ్య మొదటి రోజే ఆ లెక్కన వంటసాల ముందున్న రాతితిన్నెను చూశాడు. గంజి పోయడానికి దాని మీద గుంటలు తొలిచి ఉన్నాయి. చెయ్యి మూడుసార్లు నిండి, మీద నాలుగు కణుపులు. నలభై గుంటలు. పిల్లలు చూస్తే ఇరవై ముగ్గురు.

"ఈ ఖాళీ గుంటలు ఎవరివే?" అని పక్కనున్న పిల్లను అడిగాడు. ఆ పిల్ల పేరు సింగి. తొమ్మిదేళ్ళుంటాయి. నోరు పెద్దది, కళ్ళు ఇంకా పెద్దవి.

"ఎవరివీ కాదు మావా. ఎప్పుడూ ఖాళీయే" అంది సింగి.

మైలారయ్య ఖాళీ గుంటలో వేలు పెట్టి రుద్దాడు. పాచి లేదు, గరుకు లేదు. వేళ్ళతో తుడుచుకుని తుడుచుకుని తిన్న గుంట అది. రాయి అరుగుదల రాతిపనివాడి దగ్గర దాగుతుందా?

మూడో రోజు మధ్యాహ్నం నగారా మోగింది. మేడ తలుపు తెరుచుకుని కాలజిహ్వుడు బయటికి వచ్చాడు. నాలుగు మూరల మనిషి. జడలు కట్టిన జుట్టు, ఎండిన తాటాకులాంటి ఒళ్ళు, పసిపిల్లలకుండే లేత గులాబీ పెదవులు. ఎనిమిది రోజులకొకసారి, ఎండ నడినెత్తికి వచ్చినప్పుడే వాడు బయటికి వస్తాడు. పిల్లల నడుమ ఒకసారి తిరిగి లోపలికి పోయాడు. ఎవర్నీ తీసుకెళ్ళలేదు. పిల్లలంతా అలాగే అనుకున్నారు. మైలారయ్యా అలాగే అనుకున్నాడు.

సాయంత్రం గంజి పోశాక కుండ అడుగున ఒక గరిటెడు మిగిలింది.

సింగి కుండలోకి తొంగిచూసింది. "నిన్న మిగల్లేదే! నీళ్ళు ఎక్కువ పోశావా మావా?"

"నిన్న పోసినన్నే పోశాను."

"గరిటె మార్చావా?"

"అదే గరిటె."

"ఎవరికన్నా తక్కువ పోశావేమో?"

"ఎవరి గుంటైనా వెలితిగా ఉందేమో నువ్వే చూడు."

సింగి తిన్నె పొడుగునా నడిచి చూసి వచ్చింది. పిండి కొలిచే మానికను చూసింది, చెంబును తిరగేసి చూసింది. అన్నీ నిన్నటివే. అప్పుడు తన పక్కనున్న గుంట ముందు ఆగింది. అది ఖాళీ గుంట. అంచున పొద్దుటి గంజి అట్టకట్టి ఉంది, ఇంకా పూర్తిగా ఎండలేదు.

"మావా! ఇక్కడ పొద్దున ఎవరో తిన్నారు" అంది. "నా పక్కనే కూచుని తిన్నారు. ఎవరు మావా?"

"నాకూ గుర్తులేదు తల్లీ."

"నాతో మాట్లాడేవాళ్ళా? నాతో దెబ్బలాడేవాళ్ళా?"

మైలారయ్య మిగిలిన గరిటెడు గంజిని ఆ గుంటలో పోశాడు. ఆకలితో నకనకలాడే పిల్లలు, అయినా ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. అంతమంది బుర్రల్నీ మాయ చేసిన మాంత్రికుడు గంజికుండను మాయ చేయడం మరిచిపోయాడు. ఎంత తెలివైనవాడికైనా వంటింటి సంగతులు తెలియవు.

మర్నాటి నుంచి రోకళ్ళ చప్పుడు చాటున చదువు మొదలైంది. మళ్ళీ నగారా మోగడానికి ఏడు రోజులుంది. "ఎందుకు మావా ఇదంతా?" అని ఎవరూ అడగలేదు. గంజి మిగిలిన రోజే వాళ్ళకు ఎందుకో తెలిసిపోయింది. రోజుకు మూడుసార్లు కణుపుల మీద తమను తాము లెక్కపెట్టుకున్నారు. కుడిచెయ్యి నిండి ఎడమచేతి పదో కణుపు మీద వేలు ఆగితే ఇరవై రెండు, ఇంకా అందరూ ఉన్నట్టు లెక్క. అడుగున చిల్లి పెట్టిన కొబ్బరిచిప్పను నీళ్ళలో వదిలితే అది మునిగేసరికి ఒక ఘడియ. గంజి ఉడకడానికి చిప్పన్నర పడుతుందని కనిపెట్టింది నాలుక లేని పిల్లవాడు గంగులు. వాడు వేళ్ళతో చెప్పే లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

తప్పించుకోవాలంటే పగలే తప్పించుకోవాలి. చీకటి పడితే మాంత్రికుడి చూపు అడవంతా పరుచుకుంటుంది. పగటిపూట మటుకు కోటగోడ దాటితే వాడి మంత్రం పారదు. వంటచెరకు గుట్టలో ఒక ఉడుము కాపురం ఉంది. ఉడుము నడుముకు తాడు కట్టి గోడ మీదికి వదిలితే, పైన అది పట్టిన పట్టును ఏనుగు లాగినా విడవదు. తాడుకు గోనెసంచుల నార ఉంది. కానీ ఎంత తాడు పేనాలి? చాలకపోతే సగంలో వేలాడతారు. ఎక్కువ పేనడానికి నారా లేదు, వ్యవధీ లేదు.

"గోడ ఎక్కితే కదా కొలిచేది" అన్నాడు అంకాలు. పిల్లలందరిలోకీ పెద్దవాడు, పన్నెండేళ్ళవాడు.

"గోడ నీ దగ్గరికే వస్తుంది, చూడు" అని మైలారయ్య గంజి కలిపే తెడ్డును నేల మీద నిలబెట్టాడు. ఆ తెడ్డు సరిగ్గా మూరెడు. పొద్దెక్కేకొద్దీ దాని నీడ తగ్గింది. నీడను వేళ్ళతో కొలుస్తూ కూర్చున్న సింగి ఉన్నట్టుండి చప్పట్లు కొట్టబోయి ఆగింది. "మావా! కర్ర ఎంతో నీడా అంతే అయింది. అంటే ఇప్పుడు గోడ నీడ కూడా గోడంతే కదా!"

అంకాలు పరిగెత్తి గోడ నీడ కొసన బొగ్గుతో గీత పెట్టాడు. గోడ మొదలు నుంచి గీత దాకా తెడ్డుతో కొలిస్తే పద్నాలుగు మూరలు. లోపలికీ బయటికీ కలిపి ఇరవై ఎనిమిది, పైన కట్టుకు రెండు. అయిదు రోజుల్లో ముప్పై మూరలు పేనారు, ఎక్కడానికి పట్టుగా ముడులు వేశారు. తీరా కొలిస్తే ఇరవై అయిదే ఉంది. అంకాలు ఏడుపు మొహం పెట్టాడు. సింగి ఒక ముడి విప్పి, మళ్ళీ వేసి, పగలబడి నవ్వింది. ఆ కోటలో నవ్వు వినపడి ఎన్నేళ్ళయిందో! ప్రతి ముడీ బెత్తెడు తాడును మింగుతోంది. లెక్క తెలిశాక బెంగ ఎందుకు? మిగిలిన గోనెలు చింపి ఇంకో ఆరు మూరలు అల్లి జోడించారు. దంపుళ్ళసాల దూలానికి కట్టి ఎక్కి చూసుకుంటే, గోడంత ఎత్తు ఎక్కి దిగడానికి చిప్ప ఒకసారి మునిగేలోగా పద్నాలుగు మందికి వీలవుతుందని తేలింది.

ఎనిమిదో రోజు తెల్లవారింది. మధ్యాహ్నం నగారా మోగే రోజు అదే. లోయలోంచి లేచిన మంచు కోటను కప్పేసింది. పిల్లలు దంచుతూనే ఉన్నారు, చప్పుడు ఆగితే భటులు కదులుతారు. ఉడుము పైకి పాకి గోడ తలను కరుచుకుంది. మైలారయ్య బలమంతా పెట్టి తాడు లాగి చూశాడు. కదల్లేదు.

అప్పుడు ఆరేళ్ళ పిల్ల ఒకతె మంచులోంచి పరిగెత్తుకుంటూ వచ్చి అతని కాళ్ళు వాటేసుకుంది.

"నాయనా! నన్ను ముందు ఎక్కిస్తావు కదూ?"

పైడి! తన కూతురు పైడి! కట్టడాల దగ్గర ఇసుకకుప్ప మీద కూర్చుని గవ్వలు ఏరుకునే పైడి, కంచాన్ని గడపకేసి కొట్టి సొట్టపెట్టి తల్లి చేత దెబ్బలు తిన్న పైడి, జ్వరం వస్తే మూడు రోజులు అతని భుజం దిగని పైడి. పోయిన జ్ఞాపకమంతా ఒక్కసారి వరదలా వచ్చి పడింది. అతను కూలబడి బిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చాడు.

"ఎక్కడున్నావే ఇన్నాళ్ళూ?"

"మాతోనే ఉంది కదా మావా" అన్నాడు అంకాలు. "పైడిని ఎరగవా?"

పిల్లలందరికీ పైడి తెలుసు. ఒకడికి అది గవ్వ ఇచ్చింది. ఒకతెకు జడ వేసింది. అందరికీ గుర్తుంది. సింగికీ గుర్తుంది. కానీ సింగి వచ్చి అతని పంచె కొంగు లాగింది. ఎడమచెయ్యి ముందుకు చాపింది. ఆ పిల్ల బొటనవేలు పదకొండో కణుపు మీద ఉంది.

మైలారయ్య మొహం ఎర్రబడింది. "తప్పు పెట్టావు. మళ్ళీ పెట్టు."

సింగి మళ్ళీ పెట్టింది. పదకొండే. గంగులు కూడా తన చెయ్యి చూపించాడు, పదకొండే. మైలారయ్య తనే లెక్కపెట్టాడు, కావాలని నెమ్మదిగా, ఎక్కడైనా పొరపాటు దొరుకుతుందేమోనన్న ఆశతో. దొరకలేదు. ఉండవలసిన దానికన్నా పిల్లలు ఒకరు ఎక్కువ ఉన్నారు.

"మావా, పొద్దున గంజి అందరికీ సరిపోయింది. తక్కువ పడలేదు" అంది సింగి, మొహం పక్కకు తిప్పుకుని.

"నోర్ముయ్! నా బిడ్డను నాకు చెప్తావా?" అని కసిరాడు మైలారయ్య. సింగి వెనక్కి తగ్గలేదు. కళ్ళనిండా నీళ్ళతోనే తెడ్డు తెచ్చి ఎండలో నిలబెట్టింది. మంచు విడిపోయింది. తెడ్డు ఎంతో నీడా అంతే ఉంది. ఎవరి ఎత్తు ఎంతో వాళ్ళ నీడ అంతే ఉండే వేళ అది. పిల్లలు ఒక్కొక్కరే తమ నీడలు చూసుకున్నారు. తర్వాత అందరూ పైడి నీడను చూశారు.

రెండు మూరల పిల్ల కాళ్ళ దగ్గర నుంచి నాలుగు మూరల నీడ పడుకుని ఉంది. దాని తల చుట్టూ జడలు.

వాడు మిట్టమధ్యాహ్నం తప్ప ఎందుకు బయటికి రాడో మైలారయ్యకు అప్పుడు తెలిసింది. మొహం మార్చుకోగలడు, ఊరందరి బుర్రలూ మార్చగలడు, నీడను మార్చలేడు. లెక్క నేర్పుతున్నది ఎవరో, నేర్చుకున్నది ఎవరో తెలుసుకోవడానికి ఈ వేషం కట్టాడు.

"నాయనా, భయమేస్తోంది. ఎత్తుకో" అంది పైడి.

అతని చెయ్యి బిడ్డను ఎత్తుకోవడానికి లేచింది. నిజంగానే లేచింది. ఆ చేత్తోనే నడుముకున్న ఉలి తీసి, పక్కనున్న రోకలి అందుకుని, నీడ గుండెల్లో ఒక్క పోటు పొడిచాడు. ఉలి జానెడు లోతున రాతిలో దిగింది.

పైడి కెవ్వుమంది. ఒళ్ళు ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. చిన్నపిల్ల రూపంలోనే, చిన్నపిల్ల గొంతుతోనే కాలజిహ్వుడు బుసకొట్టాడు. "ఉలి తియ్యరా! నీ బిడ్డను ఇచ్చేస్తాను. ఇప్పుడు నీకు గుర్తొచ్చిందంతా నిజమే. పైడి మేడలోనే ఉంది. తియ్యి!"

మైలారయ్య ఉలి వైపు చూశాడు. ఆ క్షణంలో అతనికి కలిగిన ఆశను పాపమని నేననను. కన్నవాడెవడైనా అంతే. ఇరవై రెండు పెద్దదా, ఒకటి పెద్దదా అన్న లెక్కను ఏ గురువూ ఎవరికీ నేర్పలేదు. కానీ అతనికి ఎదురుగా గంగులు నిలబడి ఉన్నాడు, నాలుక లేని నోరు తెరుచుకుని, తన వంతు ఎప్పుడా అని తాడు వైపు చూస్తూ.

"అంకాలూ! చిన్నదాన్ని వీపున కట్టుకుని ఎక్కు!" అన్నాడు మైలారయ్య.

మాంత్రికుడికి కోపం వచ్చింది. కోపం వచ్చినవాడికి తను రాసిన శాసనం కూడా గుర్తుండదు. "భటులారా! రండి! ఇరవై ఇద్దరూ గోడెక్కి పోతున్నారు!" అని అరిచాడు.

భటులు వచ్చారు. వాళ్ళు విన్నది ఒక పసిగొంతు, ఆ గొంతు పలికిన అంకె. యజమాని ఆజ్ఞ ప్రకారం ఆ నోరు నొక్కిపట్టుకుని అలాగే నిలబడ్డారు. చుట్టూ రోకళ్ళు ఎప్పటిలాగే మోగుతున్నాయి. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఇదే.

కానీ పొద్దు ఆగదు. పొద్దెక్కేకొద్దీ నీడ ముడుచుకుపోతుంది. ముడుచుకుని ఉలిని దాటిందా, వాడు మళ్ళీ కాలజిహ్వుడే. సింగి నేల మీద కూర్చుని వేళ్ళతో కొలిచింది. తెడ్డు నీడ ఘడియకొక బెత్తెడు తగ్గుతుందని వారం రోజులుగా గీతలు గీసి కనిపెట్టింది ఆ పిల్లే. వీడు నాలుగు తెడ్ల ఎత్తు, కనుక ఘడియకు నాలుగు బెత్తెలు తగ్గుతాడు. ఉలి నుంచి నీడ తల కొసకు మూరెడు, అంటే ఆరు బెత్తెలు. చిప్పన్నర. చిప్పకు పద్నాలుగు మంది, చిప్పన్నరకు ఇరవై ఒక్కరు. అంకాలు చిన్నదాన్ని మోసుకెళ్ళాడు కనుక ఎక్కవలసినవాళ్ళు సరిగ్గా ఇరవై ఒక్కరే.

సింగి మొహం వెలిగింది. మరుక్షణం పాలిపోయింది.

"మావా, మాకే సరిపోతుంది" అంది. "మరి నువ్వో?"

మైలారయ్య చేతులు రెండూ రోకళ్ళతో నిండి ఉన్నాయి. వెళ్ళిపోయిన పిల్లల రోకళ్ళు కూడా అతనే వేస్తున్నాడు. అంత బాగా లెక్క నేర్పినందుకు అతను మొట్టమొదటిసారి విచారించాడు.

"ఆ తిన్నె చూడు. గుంటలెన్ని? మీరెంతమంది? తీసేస్తే మిగిలేదెంత?"

సింగి కణుపులు లెక్కపెట్టింది. చెయ్యి నిండి, రెండో చేతిలో సగం దగ్గర వేలు ఆగింది. ఖాళీ గుంటలు పద్దెనిమిది. తన పక్కన కూర్చుని తిన్నవాళ్ళు, తనకు గుర్తులేనివాళ్ళు, వాళ్ళలో ఉన్నారు.

"వాళ్ళ దగ్గరికి ఎవరన్నా పోవాలి కదమ్మా" అన్నాడు మైలారయ్య. "అవతల దిగాక అందర్నీ లెక్కపెట్టు. దారిలో వాగు దాటినప్పుడల్లా పెట్టు. దిష్టి తగులుతుందని ఎవరన్నా అంటే, తగలనీమని చెప్పు. పో!"

చిప్ప ఒకసారి మునిగింది. మళ్ళీ తేలవేశారు. పిల్లలు ఒకరి వెనక ఒకరు గోడ తల దాటిపోతున్నారు. ఒకచోట తాడు నార తెగి చిటచిటలాడింది. ఒక పిల్ల గోడ నడుమ భయపడి బిగుసుకుపోతే గంగులు కింద నుంచి భుజంతో పైకి నెట్టాడు. ఉలికీ నీడ కొసకూ మధ్య బెత్తెడు మిగిలింది. మూడు వేళ్ళు. రెండు వేళ్ళు. అందరికన్నా చివర సింగి ఎక్కింది. గోడ తల మీద నిలబడి వెనక్కి తిరిగి చూసింది. మైలారయ్య చూడనట్టు దంచుతూనే ఉన్నాడు.

కాసేపటికి గోడ అవతల నుంచి ఒక గొంతు వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల అంకెను గొంతెత్తి పలకడం అదే మొదలు.

"ఇరవై రెండు! మావా, ఇరవై రెండు!"

భటుల చెవులు అటు తిరిగాయి. వాళ్ళ చేతులు మాత్రం పట్టుకున్న నోటిని వదల్లేదు. మైలారయ్య రోకళ్ళు పారేసి, వంటకత్తితో తాడు కోసి, మేడ వైపు పరిగెత్తాడు. వేషం తొందరలో కాలజిహ్వుడు తెరిచి వదిలేసిన తలుపు అలాగే ఉంది. వెనక నీడ కొస ఉలిని దాటింది. పసిగొంతు కాస్తా పులి గాండ్రింపుగా మారింది, నోరు నొక్కిన భటుల చేతులు విడిపోయాయి. మైలారయ్య లోపలికి దూకి, తలుపు మూసి, ఇనపగడియ వేశాడు. మరుక్షణం తలుపు మీద పిడుగు పడినట్టు దెబ్బ పడింది. రాళ్ళలోంచి సున్నం రాలింది. ఈ తలుపు ఎంతసేపు ఆగుతుందో రాతిపనివాడికి తెలుసు, ఎక్కువసేపు ఆగదు.

బయట హంసలు చెక్కిన మేడ లోపల బావిలా ఉంది. ఎక్కడా దీపం లేదు. మెట్లు కిందికి దిగుతున్నాయి. అడుగు నుంచి ఎవరో దగ్గుతున్న చప్పుడు, ఎముకలు నేలకు రాసుకుంటున్న చప్పుడు వినిపించాయి. మైలారయ్య గోడ పట్టుకుని దిగాడు. తలుపు మీద రెండో దెబ్బ పడింది.

"పైడీ!" అని గొంతు చించుకుని అరిచాడు. "అమ్మా, పైడీ! నేను, నాయన్ని! ఎక్కడున్నావు?"

చీకట్లో అలికిడి ఆగిపోయింది. తర్వాత పద్దెనిమిది గొంతులూ ఒక్కసారే పలికాయి, తమ పేర్లు తమకే గుర్తులేని బిడ్డల గొంతులు. అన్నీ కాలజిహ్వుడు ప్రాయం పీల్చేయగా పళ్ళూడిపోయిన ముసలి గొంతులు, ఎనభై ఏళ్ళు నిండి వణుకుతున్న గొంతులు.

"నాయనా!"